పండగ కర్ర, పట్నం గేటు

ఆ రోజుల్లో నాకు రెండు జబ్బులుండేవి. ఒకటి మన్యం జ్వరం, కొండలెక్కితే వచ్చేది. రెండోది ఉపన్యాసం, నలుగురు కనిపిస్తే వచ్చేది. మొదటిదానికి క్వినైను ఉంది.

ఆ రెండో జబ్బు ముదిరే నేను మునిసిపల్ ఎన్నికల్లో నిలబడ్డాను. అంతకుముందు కొన్నేళ్లపాటు సంస్కరణ సభల్లో జాతకాల మీద, శకునాల మీద, వితంతువుల పెళ్లిళ్ల మీద వాదించి వాదించి, ఎదుటివాడు నోరు మూసుకుంటే నేను గెలిచినట్టేనని నమ్మే అలవాటు పడిపోయింది. వాళ్లు భోజనం వేళ దాటిపోతోందని నోరు మూసుకునేవారని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

నా ఎన్నికల కార్యక్రమం పెద్దదేమీ కాదు. మా పట్టణం పొలిమేరలో, కొండదారి వచ్చి కలిసేచోట ఒక గేటు ఉండేది. దారికి అడ్డంగా ఒక కర్ర, పక్కన ఒక పాక, పాకలో ఆశీలు వేలం పాడుకున్న కంట్రాక్టరు మనిషి. ఊళ్లోకి అమ్మకానికి వచ్చే ప్రతి బండీ, ప్రతి కావిడీ, ప్రతి నెత్తిమూటా అక్కడ ఆశీలు కట్టి లోపలికి రావాలి. రెండంతస్తుల మేడ ఉన్న షావుకారు ఇంటిపన్ను పేరుకు కడతాడు. పసుపు మూట నెత్తిన పెట్టుకుని కొండ దిగివచ్చే ఆడమనిషి మాత్రం సరుకు అమ్మకముందే కట్టాలి. ఆ గేటు తీసెయ్యాలి, మేడను బట్టి ఇంటిపన్ను పెంచాలి, వచ్చిన డబ్బుతో దిగువ వీధులకు కుళాయిలు వెయ్యాలి. ఇదీ నా వాదం. ఇందులో తప్పుందని ఇప్పటికీ అనుకోను. కాకపోతే ఓట్లు ఎవరికున్నాయో చూసుకోవడం మరిచిపోయాను. గేటు దగ్గర ఆశీలు కట్టినవాళ్లకు ఓటు లేదు. ఇంటిపన్ను కట్టినవాళ్లకు ఉంది. నా వార్డులో ఓట్లు దాదాపు అన్నీ మేడలవే.

పోలింగు వారం ఉందనగా మా వార్డు షావుకార్లు పసుపు కొనడానికి అరకు లోయలో సంతకు వెళ్లారని తెలిసింది. ఏటా చైత్రంలో వాళ్లు అక్కడే మకాం వేసి, పోలింగుకో పెళ్లికో మాత్రం కిందికి దిగుతారు. నా ప్రత్యర్థి ఊళ్లోనే ఉండి వాళ్ల ఇళ్లకు తాంబూలాలు పంపుతున్నాడు. నేను ఆధునికుణ్ణి గనక కరపత్రాల సంచితో ఎడ్లబండి ఎక్కాను.

బండి తోలేవాడు మా ఊరివాడే, నాకంటే పెద్దవాడు. ఘాటురోడ్డు పొడుగునా నా ఉపన్యాసం వినిపించి ఎలా ఉందని అడిగాను.

“ఎడ్లకి బాగా ఎక్కినట్టుంది బాబూ. సెవులాడిత్తన్నాయి.”

లోయలోకి దిగాక ఒక ఊరి దగ్గర ఆడవాళ్లు దారికి అడ్డంగా పొడుగాటి వెదురు పట్టుకుని పాడుతున్నారు. ఇటుకల పండగ రోజులవి. మగవాళ్లు విల్లంబులతో అడవికి వేటకు పోతారు. ఆడవాళ్లు దారికి కర్ర అడ్డం పెట్టి, వచ్చేపోయేవాళ్ల దగ్గర పండగ డబ్బులు అడుగుతారు. వేటలో పడ్డ జంతువు నెత్తురు విత్తనాలకు తాకిస్తే పంట బాగా వస్తుందని వాళ్ల నమ్మకం.

వాళ్లలో పెద్దమనిషి ముందుకు వచ్చింది. ముక్కుకు మూడు కమ్ములు, నోట్లో అడ్డపొగ చుట్ట.

“ఏటిత్తావు బాబూ?”

“ఏమీ ఇవ్వను. దారి ఎవరిది?”

“మాదే.”

అంతే, నాకు జబ్బు వచ్చేసింది. బండి మీద లేచి నిలబడ్డాను. అడ్డుకర్ర కొండమీద ఉన్నా పట్నంలో ఉన్నా అన్యాయమేనని చెప్పాను. విత్తనం మొలిచేది నెత్తురుతో కాదు, వానతోనూ ఎరువుతోనూ అని చెప్పాను. మా పట్నం గేటు సంగతీ, దాన్ని తీయించడానికే నేను నిలబడిన సంగతీ చెప్పాను. బండివాడు అనుభవజ్ఞుడు. ఎడ్లను విప్పి మేతకు వదిలాడు.

విత్తనాల మాట ఆమె వినిపించుకోలేదు. గేటు మాట దగ్గర మాత్రం నోట్లోంచి చుట్ట తీసింది.

“పట్నం గేటు తీసేత్తారా? నిజమే?”

“వచ్చే వారం ఎన్నిక. నేను గెలిస్తే ఆ కర్ర ఉండదు.”

“అయితే నా పసుపు సంతకెందుకు? ఆ సావుకార్లు తూకంలోనూ నొక్కుతారు, మాటలోనూ నొక్కుతారు. నేనే పట్నం మోసుకుపోతాను.”

“సంతలో అమ్మకు. గేటు పోయేదాకా ఆపు. నేను చెబుతున్నానుగా!”

ఆమె పసుపు రెండేళ్లు నేలలో ఉన్న పంట. తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టి ఇంట్లో పోసుకుంది. వానలు పడేలోగా అమ్ముకోకపోతే చెమ్మ తగిలి రంగు పోతుంది. అది తెలిసీ ఆమె సరేనని తల ఊపింది. నా ఉపన్యాసం విని ఒక మనిషి అప్పటికప్పుడు ఏదైనా చెయ్యడం అదే మొదటిసారి. ఆ సంతోషంలో నాకు పసుపూ కనబడలేదు, వానా కనబడలేదు.

“మరి మా కర్ర సంగతేటి?” అంది ఆమె.

సరిగ్గా అప్పుడే కొందరు మగవాళ్లు విల్లులు భుజాన వేసుకుని వచ్చారు. కర్ర లేచింది, వాళ్లు వెళ్లిపోయారు. ఒక్కరినీ ఏమీ అడగలేదు.

“వాళ్లనెందుకు వదిలేశారు?”

“ఏటకెళ్లేవోళ్లని అడగం.”

“అయితే నేనూ వేటకే వెళ్తున్నాను. ఓట్లు పట్టుకురావడానికి!”

ఆడవాళ్లు తమలో తాము వాళ్ల భాషలో ఏదో అనుకుని విరగబడి నవ్వారు. కర్ర లేచింది.

“పో బాబూ, పో. తిరిగొచ్చినప్పుడు ఏటి తెచ్చావో సూత్తాం.”

తర్కంతో దారి గెలుచుకున్నానని పొంగిపోయాను. బండివాడికి ఆ తర్కంలోని మెళకువలు విడమరిచి చెప్పాను కూడా.

“ఏటలో ఏటీ పడకపోతే ఏటవుద్దో అడిగినారా బాబూ?” అన్నాడు.

“అది అప్రస్తుతం.”

వాడు ఎడ్లను అదిలించాడు.

సంతలో మా షావుకార్లు గుడారం కింద కాటా వేలాడదీసుకుని, పసుపు రాశుల మధ్య కూర్చున్నారు. వాళ్లలో పెద్దాయన నన్ను చూసి చాప పరిపించాడు. “పంతులుగారు కొండ దాకా వచ్చీసినారే!” అని మజ్జిగ ఇప్పించాడు. నేను మొదలుపెట్టాను.

“గేటు తీసేత్తే కుళాయిలకి డబ్బులెక్కడివండీ?” అన్నాడు ఒక కుర్ర షావుకారు.

“ఇంటిపన్ను.”

“ఎవరింటిది?”

“పెద్ద ఇళ్లవి.”

“అంటే మావే గదేటి.”

“న్యాయంగా ఆలోచించండి,” అన్నాను. పులిని కూర్చోబెట్టి గడ్డిలో ఉన్న బలం గురించి చెప్పినట్టుంది నా పని. అయినా ఒకరిద్దరు మెత్తబడకపోలేదు. చిన్న పెంకుటిల్లున్న చిల్లర వర్తకుడొకాయన, “మా ఈదికి కుళాయి వత్తదా?” అని ఆశగా అడిగాడు. వస్తుందన్నాను. ఆయన గడ్డం గోక్కుంటూ ఆలోచనలో పడ్డాడు. అక్కడితో ఆపి మజ్జిగ తాగి లేచిపోయి ఉంటే నాకు ఒక ఓటు వచ్చేది. కానీ ఉపన్యాసంలో ఇంకా చివరి ఘట్టం మిగిలి ఉంది.

“అన్నిటికంటే పెద్ద లాభం వినండి! గేటు పోతే ఈ కొండవాళ్లు తమ పసుపు తామే పట్నానికి తెచ్చుకుంటారు. నచ్చిన కొట్లో, నచ్చిన ధరకు అమ్ముకుంటారు!” అంటూ పసుపు రాశి మీద గుద్దాను. పచ్చటి దుమ్ము లేచింది.

అందరూ నోరు మూసుకున్నారు. గెలిచాననుకున్నాను.

“పంతులుగారూ,” అన్నాడు పెద్దాయన నెమ్మదిగా, “వాళ్లే దిగొచ్చీసి అమ్ముకుంటే, మేం ఈ దోమల్లో కూకుని ఏటి సేత్తన్నట్టు? గేటుకి జడిసి వాళ్లు దిగరు. దిగరు గనకే మేం ఎక్కుతున్నాం. మీరు ఓటడగడానికొచ్చారా, మా కొట్లు మూయించడానికొచ్చారా?”

సరుకు పెరిగితే వర్తకం పెరుగుతుందన్నాను. పోటీ ఆరోగ్యకరమన్నాను. చిల్లర వర్తకుడు ఇంకా కుళాయి గురించే ఆలోచిస్తున్నట్టున్నాడు. పెద్దాయన ఆయన వైపు తిరిగాడు.

“నీకు కుళాయి వత్తదిలే. అప్పుడిక తాగడానికి నీళ్లే మిగుల్తాయి.”

గుడారమంతా నవ్వింది. నేను ఆ నవ్వును ఖండించడానికి తగిన వాదన వెతుక్కుంటూ ఉండగానే నన్ను మర్యాదగా బండి ఎక్కించారు. ఒట్టి చేతులతో పంపకూడదని పెద్దాయన నాలుగు పసుపు కొమ్ములు ఆకులో చుట్టి ఇచ్చాడు. “శుభం జరుగుతాదండి,” అన్నాడు. ఎవరికో చెప్పలేదు.

తిరుగుదారిలో ఆ కర్ర అక్కడే ఉంది. ఆడవాళ్లూ ఉన్నారు. ఈసారి పక్కన ఒక కుండ కూడా ఉంది. బండివాడు నన్ను దిగమని, బండిని చాలా దూరంగా తీసుకుపోయి నిలిపాడు. అంత దూరం ఎందుకో నాకు అర్థం కాలేదు.

“ఏటి తెచ్చావు బాబూ?” అంది ఆమె.

“ఆలోచనలు రేపి వచ్చాను.”

ఆమె నా సంచిలో చెయ్యి పెట్టి చూసింది. కరపత్రాలు వెళ్లినవి వెళ్లినట్టే ఉన్నాయి. చివరి ఆశగా పసుపు కొమ్ములు చూపించాను. ఒకటి విరిచి వాసన చూసింది.

“ఇది మా పసుపే గదేటి! మేం అమ్మిందే తెచ్చి మాకు సూపిత్తన్నావా?”

“ఒక్కమాట వినండి...” అని నేను అనడమూ, కుండలోని పేడనీళ్లు నా నెత్తిన పడడమూ ఒక్కసారే జరిగాయి. వేటకు వెళ్లి ఒట్టి చేతులతో వచ్చిన మగవాడికి ఆ పండగలో జరిగే మర్యాద అదేనట. వేటగాణ్ణని చెప్పుకున్నది నేనే. అందుకని అభ్యంతరం చెప్పడానికి ఒక్క పాయింటు కూడా దొరకలేదు. నా కళ్లద్దాలు తుడిచి పెట్టింది కూడా వాళ్లే. నవ్వీ నవ్వీ అలిసిపోయాక వాగులో కడుక్కోమని చెప్పి, అంబలి పోశారు.

అంబలి తాగుతూ ఆమెతో అన్నాను: “అమ్మా, నీ పసుపు సంతలో అమ్మేసెయ్యి. నేను గెలవను. గేటు పోదు.”

“అమ్మను.”

“వానొస్తే పాడైపోతుంది.”

“ఆపమన్నావు, ఆపాను. ఇప్పుడు అమ్మమంటే అమ్మాలా? నీ మాట పొద్దున్న ఒకటీ, మాపు ఒకటీ. నా పసుపు నా ఇట్టం.”

ఎన్నికలో ఓడిపోయాను. కుళాయి మీద ఆశపడ్డ చిల్లర వర్తకుడు పోలింగు దగ్గర నా మొహం చూడలేక తల దించుకుని వెళ్లాడు. ఆ తర్వాత వచ్చిన మా ఊరి సంత రోజు పొద్దున్నే మనసు ఊరుకోక గేటు వైపు నడిచాను. మబ్బు పట్టి ఉంది. గేటు దగ్గర ఆమె, వెనక ఇంకో ఇద్దరు ఆడవాళ్లు, నెత్తిన మూటలతో నిలబడి ఉన్నారు. కంట్రాక్టరు మనిషి కర్ర ఎత్తడం లేదు.

“ఆశీలు కట్టి కదలండి.”

“మేం ఏటకొచ్చాం,” అంది ఆమె. “ఏటకొచ్చినోళ్లని అడగరు.”

“ఎవడు సెప్పాడు?”

ఆమె చుట్టూ చూసింది. నేను కనబడ్డాను. చెయ్యెత్తి చూపించింది. “అదిగో, ఆ బాబు.”

గేటు దగ్గర ఉన్న బండ్లవాళ్లూ కావిళ్లవాళ్లూ అందరూ నావైపు తిరిగారు. నాకు ఆ వేళ ఉపన్యాసం రాలేదు. మొదటి చినుకు నా కళ్లద్దాల మీద పడింది. వెళ్లి ముగ్గురి ఆశీలూ కట్టాను. పాకలోని మనిషి నన్ను గుర్తుపట్టి, చీటీ మీద నా పేరు అడక్కుండానే, ఒక్క తప్పు లేకుండా రాశాడు. గేటు తీయిస్తానన్న పంతులుగారు గేటుకు ఆశీలు కట్టారన్న వార్త మధ్యాహ్న భోజనాలకు ముందే ఊరంతా చేరిపోయింది.

పసుపు అమ్ముడుపోయింది. ఆమె అనుకున్నంత ధర రాలేదట, అరకు సంతకంటే నయమట. సాయంత్రం ఖాళీ బుట్ట చంకన పెట్టుకుని వెళ్తూ నా దగ్గర ఆగింది.

“మళ్లీ ఎప్పుడు నిలబడతావు బాబూ?”

“మూడేళ్లకు.”

ఆమె చుట్ట వెలిగించుకుని, నిప్పు లోపలికి తిప్పి నోట్లో పెట్టుకుంది.

“రెండేళ్లకే నా పసుపు మళ్లీ వత్తాది. నీకన్నా అదే బేగి.”