మోరి మీద బండలు, కాగితం మీద నా వేలు

“మోరి మీద బండలు ఏసిండ్రా చెల్లె?”

“బడి దాక ఏసిండ్రన్నా. అవుతలికి ఏయలే.”

“అయితే నువ్వు పోయి అడుగు.”

“నేనా? నాకు భయమైతది.”

“నాకు గాదా?”

దవాఖాన మంచం మీద సాయిలన్న నాతో అన్న ఆఖరి మాట అది. నర్సు వచ్చి నన్ను బయటికి పంపింది. మరునాడు పొద్దున్నే ఆయన పోయాడని కబురు వచ్చింది. ఇవాళ మా ఇంటి ముందు మురికికాలువ మీద, అదే మోరి మీద, కప్పిన బండ మీదినుంచి ఎవరో మోటారు సైకిలు పోనిచ్చారు. బండ వదులైందేమో, దబ్బుమంది. ఆ చప్పుడుకు నా చేతిలోని పిండిముద్ద జారిపోయింది. కింద నీళ్లు పోతున్న సంగతి ఎవరు మరిచినా నేను మరవలేను.

నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మా మేనకోడలు రజిత రాస్తోంది. మా ఆయన పోయినప్పటినుంచి బాన్సువాడ బస్టాండు దారిలో పొయ్యి పెట్టుకొని జొన్నరొట్టెలు అమ్ముకున్నాను. సాయిలన్న భూములు కొలిచే ఆఫీసులో గొలుసు లాగే పని చేసి దిగిపోయిన మనిషి. రిటైరైనా కొలిచే పిచ్చి పోలేదు. అడుగడుక్కీ ఎర్రగీత పెట్టిన వెదురుకర్ర పట్టుకొని రోడ్లు, మోరీలు, బడిగేటు కొలుస్తూ తిరిగేవాడు. చూసినవాళ్లు నవ్వేవారు. నేనూ నవ్వాను, మోరిలో పడేదాకా.

ఆ సాయంత్రం వానకు రోడ్డు మీది నీళ్లు, మోరిలో నీళ్లు ఒక్కటైపోయాయి. ఏది రోడ్డో ఏది మోరో తెలియదు. వెనకనుంచి వడ్ల లారీ హారను కొడితే పక్కకు జరిగాను. కాలికింద నేల లేదు. నడుము దాకా దిగిపోయాను. నీళ్లు చీరకొంగును లాగుతున్నాయి, లారీ చక్రం నా మొహం పక్కనుంచే పోయింది. అప్పుడు ఆ ఎర్రగీతల కర్ర నా ముందుకు వచ్చింది. “పట్టుకో చెల్లె, ఇడువకు!” అని సాయిలన్న నన్ను గట్టుమీదికి లాగాడు. నేను అక్కడే కూలబడితే ఓదార్చే మాట ఒకటీ అనలేదు. అదే కర్రను నేను పడ్డ చోట దింపి, తడి ఎంతవరకు ఎక్కిందో చూస్తున్నాడు.

“గిదేందన్నా? మనిషి సావబోతె లోతు కొలుస్తున్నవ్!”

“నీకు నడుం దాక వచ్చింది. బడికి పోయే పిల్లకు గొంతు దాక వస్తది. గది కొలుస్తున్న.”

ఆ మాట నాలో ముల్లులా దిగింది. అప్పటినుంచి బడి విడిచే గంట కొడితే నా చెయ్యి ఆగిపోయేది. పిల్లలంతా మోరి అంచు దాటి పోయేదాకా పెనం మీద రొట్టె మాడుతున్నా తిప్పేదాన్ని కాదు.

తరువాత రోడ్డు వెడల్పు చేస్తారన్నారు. దాని నక్షాను, అంటే రోడ్డు గీసిన పటాన్ని, రోడ్ల ఆఫీసు గోడకు అంటించారు. ఎవరికైనా అభ్యంతరముంటే రాసి ఇవ్వవచ్చన్నారు. సాయిలన్న నన్ను దాని ముందు నిలబెట్టాడు. నాకు గీతలు తప్ప ఏమీ తెలియలేదు. ఆయన వేలితో చూపించాడు: ఇది బండ్లు పోయే దారి, ఇది మోరి.

“మరి మనుషులు ఏడ నడుస్తరన్నా?”

“గదే అడుగుదాం. గిది గీసినోళ్లు జీపుల తిరుగుతరు. నెత్తిమీద గంపతోని ఎట్ల నడుస్తరో వాళ్లకేం ఎరుక? నువ్వే చెప్పాలె.”

నా దగ్గర అడగదగ్గ సంగతి ఒకటుందని అంతకుముందు ఎవరూ అనలేదు. పిల్లలు ఎక్కడ రోడ్డు దాటుతారో, బస్సు దిగిన ఆడవాళ్లు మూటలతో ఎక్కడ ఆగిపోతారో నేను నడిచి చూపించాను. ఆయన వెనకే కొలుచుకుంటూ వచ్చాడు. మోరి మీద బండలు, నడవడానికి జాగా, బడి ముందు రోడ్డు దాటే చోటు కావాలని రాశాడు. రాసింది రెండుసార్లు చదివి వినిపించాకే ఆ దారిలో అమ్ముకునే మా అందరిచేత కాగితం మీద వేలు పెట్టించాడు. పెనం కాలి నా బొటనవేలి మీద అడ్డంగా పడ్డ గీత ముద్రలో కూడా వచ్చింది. “నీ వేలును ఎవ్వలూ దొంగతనం చెయ్యలేరు పో” అని నవ్వి, ఆ కాగితం ఆఫీసులో ఇచ్చి వచ్చాడు.

నాలుగు రోజులకు రోడ్డు పని పట్టిన కాంట్రాక్టరు మనిషి నా పొయ్యి ముందు బండి ఆపాడు. తెల్లచొక్కా, మెత్తని మాట.

“అవ్వా, రోడ్డు పెద్దగైతే నీ పొయ్యి ఏడుంటది? సాయిలుకేంది, పింఛన్ వస్తది. నీకేమొస్తది?”

నేను పొయ్యిలో పుల్ల ఎగదోశాను.

“దీని మీద వేలు పెట్టు. ఇగ నీ జాగకు ఫికర్ లేదు.”

ఏం రాసి ఉందని అడగాలనుకున్నాను. అడగకుండానే వేలు పెట్టాను.

మరునాడు సాయిలన్నను పోలీసు స్టేషనుకు పిలిచారు. సాయిలన్న నాకు చెప్పకుండా, మోసంతో మొదటి కాగితం మీద నా ముద్ర వేయించుకున్నాడని నేను వేలు పెట్టిన రెండో కాగితంలో ఉందట. స్టేషనుకు పోతూ నా దగ్గర ఆగాడు. కర్ర కొన నేలమీద టకటక కొట్టుకుంటోంది. వయసు వణుకు అనుకున్నాను.

“చెల్లె, గా రెండో కాగితం మీద వేలు నీదేనా?”

“నాది కాదన్నా.”

ఆయన నా బొటనవేలి వైపు చూశాడు. “సరే” అని వెళ్లిపోయాడు. తిట్టి ఉంటే తట్టుకునేదాన్ని.

ఆఫీసులో విచారణ పెట్టిన రోజు పొయ్యి వెలిగించలేదు. సగం దారిదాకా పోయి రెండుసార్లు వెనక్కి తిరిగాను. లోపల బల్లమీద రెండు కాగితాలూ ఉన్నాయి. గోడ దగ్గర తెల్లచొక్కా నన్నే చూస్తున్నాడు. సాయిలన్న తల ఎత్తలేదు.

“ఇందులో నీ వేలిముద్ర ఏదమ్మా?” అని అధికారి అడిగాడు.

“రెండూ నావే సారూ. మొదటిది చదివి ఇనిపిచ్చినంక పెట్టిన. రెండోది భయానికి పెట్టిన. దాంట్ల ఏమున్నదో నాకు ఎవ్వలూ చదువలే.”

ఆ మాటలన్నీ ఎలా వచ్చాయో నాకే తెలియదు. సాయిలన్న మీద ఫిర్యాదు అంతటితో పోయింది. బడి దాకా బండలు పడ్డాయి. నడిచే జాగా ఇప్పటికీ లేదు. అనుకున్నట్టే నా పొయ్యి తీయించారు. ఇప్పుడు ఇంటి ముందే రొట్టెలు చేస్తున్నాను. ఆ తెల్లచొక్కా ఈ దారిన పోతే ఇప్పటికీ నా వేలు గుప్పిట్లోకి ముడుచుకుంటుంది. ధైర్యం నాకు రాలేదు. భయం ఉన్నా అడగవచ్చని మాత్రం తెలిసింది. రేపు మిగిలిన మోరి సంగతి అడగడానికి ఆఫీసుకు పోవాలి.

రజితా, కలం పెట్టకు. సాయిలన్నతోని ‘నాది కాదన్నా’ అని అబద్ధమాడిన గదా, గది రాసినవా? అత్త మీద ప్రేమకొద్ది తీసేసినవో ఏమో. ఆ మాట కాన్నుంచి మల్ల చదువు బిడ్డా, నేను వింట.