సగం ఒళ్ళు పడిపోయే తలనొప్పి

మాది నేతవాళ్ళ కుటుంబం. పుట్టిల్లు తిరుత్తణి పక్కన. మగ్గం గుంటలో కూర్చునే ఓపిక నాకు లేదని ముందే చెప్పేశాను కాబట్టి, పెళ్ళయ్యాక తిరువళ్ళూరులో ఒక చీరల కొట్టులో చేరాను. ఇంకొకరు నేసినవి విప్పి చూపించడమే నా పని.

ఆ రోజు ఒక పెళ్ళివారికి పట్టుచీర కొంగు పరుస్తుంటే ఏదో తళుక్కుమంది. జరీ అనుకున్నాను. కళ్ళు మూసుకున్నా తళుక్కుమంటూనే ఉంది. వంకరటింకర గీత ఒకటి చూపు సగం కప్పేసింది. తర్వాత కుడిచేతి వేళ్ళకు తిమ్మిరి పట్టింది. అది మోచేతి దాకా పాకి, అక్కణ్ణించి పెదవికీ నాలుకకీ ఎక్కింది. చీర జారిపోయింది. "ఎంత ఇది?" అని పెళ్ళికూతురి తల్లి అడిగింది. ధర తెలుసు. నోరే పెగల్లేదు. తెలుగూ రాలేదు, అరవమూ రాలేదు. "ఎంత పొగరు చూడు" అంటూ ఆవిడ లేచి పక్క కొట్టుకు వెళ్ళిపోయింది.

కాసేపటికి చెయ్యి వచ్చింది, మాట వచ్చింది, వాటి వెనకే తలనొప్పీ వాంతులూ వచ్చాయి. పక్షవాతమేమోనని మా ఆయన హడలిపోయి ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. స్కాను చూసిన డాక్టరు నీకేం లేదు పొమ్మన్నారు. ఇంకొకాయన గ్యాసన్నారు. కళ్ళ డాక్టరు అద్దాలు మార్చారు. మరొకావిడ మా ఆయన్ను బయటికి పంపి, ఇంట్లో గొడవలా అని అడిగింది. లేవన్నాను. మొహమాటపడకు అంది. మొహమాటమేముంది నా ఖర్మ! గొడవలైనా ఉండుంటే దీనికి ఒక పేరు దొరికేది.

అది మళ్ళీ మళ్ళీ వచ్చింది. ఒకసారి కుడి పక్క, ఒకసారి ఎడమ పక్క. రాను రాను నేను కంగారుపడటం మానేశాను. చచ్చుబడ్డ చేతిని ఒళ్ళో పెట్టుకుని, ఎవరిదో చెయ్యి అన్నట్టు చూస్తూ కూర్చునేదాన్ని. అదే నా కొంప ముంచింది. "నిజంగా చెయ్యి పడిపోయినోళ్ళ మొగం అట్లుంటాదా మే?" అన్నాడు మా ఆయన. కొట్టు ఓనరు మర్యాదగానే చెప్పాడు: "ఏం జబ్బో తెలుసుకొని రామ్మా. అందాకా ఇంటికాడ ఉండు." లోపల నాకున్న భయం ఒక్కటే. ఈసారి పోయిన చెయ్యి తిరిగి రాకపోతే? ఆ మాట ఎవరికీ చెప్పలేదు. చెప్పినా నమ్మరు.

అమ్మ చూడ్డానికి వచ్చిన రోజే మళ్ళీ వచ్చింది. అమ్మ భయపడలేదు సరికదా, దణ్ణం పెట్టింది. నాకు మాట తిరిగొచ్చాక, "మీ అవ్వ మీదికి వచ్చే గంగమ్మే నీ మీదికి వస్తా ఉండాది మే. భాగ్యం ఉండల్ల" అంది. అవ్వంటే అమ్మ తల్లి. నేను పుట్టకముందే పోయింది.

నాకు ఒళ్ళు మండింది. "నీ గంగమ్మకు నేనే దొరికినానా? కొట్టులో బేరం నడిచేటప్పుడే రావల్నా?"

"తప్పు, తప్పు" అని అమ్మ లెంపలేసుకుంది.

తిరుత్తణికి వారానికొకసారి ఒక నరాల డాక్టరు వస్తారని తెలిసి వెళ్ళాం. మా ఆయన సెలవు దొరకలేదన్నాడు. అమ్మ తోడొచ్చింది. డాక్టరు అంతా విని, మీ వంశంలో ఇంకెవరికైనా ఇలా ఉందా అని అడిగారు. అమ్మకు రోషం వచ్చింది. "మాది రోగాల వంశం కాదు సార్."

"మా అవ్వకు సామి వచ్చేదంట సార్, అది చెప్పమనండి" అన్నాను. అమ్మను నలుగురిలో నగుబాటు చెయ్యాలనే అన్నాను. డాక్టరు నవ్వలేదు. ఎలా వచ్చేదని అడిగారు.

అమ్మ గొప్పగా చెప్పుకుపోయింది. మొదట కళ్ళముందు మెరుపులు తిరుగుతున్నాయనేది, తర్వాత నోరు వంకర పోయేది, మాట పడిపోయేది, ఒక చెయ్యి వేలాడిపోయేది, సామి దిగాక వాంతి చేసుకుని రెండు రోజులు లేచేది కాదు.

"ఏ చెయ్యి?"

"అది సామి ఇష్టం సార్. ఒకోతూరి ఇది, ఒకోతూరి అది."

డాక్టరు పెన్ను కింద పెట్టారు. మైగ్రేనులోనే ఇదొక అరుదైన రకమనీ, పేరు హెమిప్లీజిక్ మైగ్రేన్ అనీ, తల్లినుంచో తండ్రినుంచో బిడ్డకు వస్తుందనీ, మధ్యలో ఒకరికి పైకి కనపడకపోవచ్చనీ చెప్పారు. పక్షవాతం కాదు, చెయ్యి తిరిగొస్తుంది, మందులున్నాయి అన్నారు. వచ్చినప్పుడు చీకటి గదిలో పడుకోబెట్టాలట. వెలుతురు, చప్పుడు, ఘాటు వాసన తగిలితే నరకమట. పేరు దొరికిన రోజు ఎగిరి గంతేస్తాననుకునేదాన్ని. "సరే సార్" అని మందుల చీటీ తీసుకున్నాను.

బయటికి రాగానే అమ్మ మెట్ల మీద కూలబడింది. కాఫీ తాగుదాం లెమ్మన్నాను. లేవలేదు.

"కర్పూరం మొగంకాడ తిప్పితే మీ అవ్వ తల అట్ల తిప్పుకునేది మే" అంది. "గంగమ్మ శాంతించలేదని ఇంకా వెలిగిస్తా ఉంటిమి. పంబ మేళం తెచ్చి చెవికాడే కొట్టిస్తా ఉంటిమి."

నేనూ పక్కన మెట్టు మీద కూర్చున్నాను.

"పక్కకు ఒరిగితే నేనే రెక్క పట్టుకొని లేపి కూర్చోబెడతా ఉంటి, పడుకుంటే సామి దిగిపోతాదని. నా చెయ్యి పట్టుకొని గుంజేది. వాక్కు చెప్తాదేమోనని నోటికాడ చెవి పెట్టినా."

"ఏం చెప్పింది?"

"మాట యాడ వస్తాది మే, నీ మాదిరే కదా" అని అమ్మ నోట్లో కొంగు కుక్కుకుంది.