వాగు ముందు కొట్టిన బెల్లు

నిన్న మా పక్కింటివాళ్లు గోడలకు వేయడానికి డ్రమ్ములో సున్నం నానబెట్టారు. నీళ్లు పోయగానే సున్నపురాళ్లు బుసబుసమని పొంగి, ఆ ఘాటు వాసన మా వరండా దాకా వచ్చింది. పేపరు చదువుతున్నవాణ్ని అలాగే ఆగిపోయాను. ఒళ్లంతా చెమట పట్టింది. సున్నం వాసనకు చెమట పట్టడమేమిటని మా ఆవిడ నవ్వింది. ఆమె రాజలింగు కాకను ఎప్పుడూ చూడలేదు. నాకు మాత్రం తడి సున్నం వాసన వస్తే ముందు ఆయన గుర్తుకొస్తాడు, ఆ వెనకే ఎర్రటి వాగునీళ్లు గుర్తుకొస్తాయి.

నేను పుట్టు పిరికివాణ్ని. మా బాపు సిరిసిల్లలో మగ్గం నేసేవాడు. మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నవాడికి బయటి లోకంతో పెద్దగా పేచీ ఉండదు. నన్నూ అలాగే కూర్చోబెట్టి ఉంటే హాయిగా బతికేవాణ్నేమో. కానీ నేత కూలి ఇంటికి చాలక, ఏడో తరగతి పాసైన నన్ను బస్సు కండక్టరు పనికి పంపారు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి అప్పటికి కొన్నేళ్లయింది. ఆదిలాబాద్ జిల్లాలో ఒక చిన్న డిపోలో టెంపరరీగా తీసుకున్నారు. టెంపరరీ అంటే ఒక్క మెమో వస్తే మూటాముల్లె సర్దుకోవలసిందే. నాకు ప్యాసింజర్లంటే భయం, చెకింగు ఇన్‌స్పెక్టరంటే భయం, వాగులంటే ఇక చెప్పనే అక్కర్లేదు. చిన్నప్పుడు మానేరు పొంగిన రోజున నా కళ్ల ముందే ఒక ఎద్దుల బండి కొట్టుకుపోయింది. ఎద్దు కొమ్ములు తేలడం, మునగడం, మళ్లీ తేలడం చూశాను. ఆ తర్వాత నేను మోకాలి లోతు నీళ్లలోకి కూడా దిగలేదు.

అలాంటివాణ్ని తీసుకెళ్లి రాజలింగు కాక బస్సులో వేశారు. కాక యాభైకి దగ్గరపడ్డ మనిషి. నిజాం కాలంలోనే స్టీరింగు పట్టాడు. మెడలో తువ్వాల, చెవి మీద సగం కాల్చిన బీడీ. మొదటి రోజు నన్ను ఎగాదిగా చూసి, "పేరేంది పిలగా?" అన్నాడు.

"మల్లేశం సార్."

"సారు ఆఫీసుల ఉంటడు. నన్ను కాకా అను. భయమైతుందా?"

లేదన్నాను. ఆ ఒక్క మాట అనడానికే రెండుసార్లు తడబడ్డాను.

"అబద్ధం. గింత బస్సుల గింతమంది ఉంటరు, భయమెందుకు గాదు? భయం లేనోడు నా బస్సుల నాకు వద్దు." పైన డ్రైవరు దగ్గరి గంట దాకా కట్టి ఉన్న తాడు చూపించాడు. "ఒక్క బెల్లు కొడితే ఆగాలె. రెండు కొడితే పోవాలె. స్టీరింగు నాది, తాడు నీది. నువ్వు ఒక్క బెల్లు కొట్టినవంటే ముంగట కలెక్టరు నిలబడి రమ్మన్నా సరే, ఆపుత. ఎందుకు కొట్టినవని ఆపినంక అడుగుత."

కొత్తవాడికి ధైర్యం చెప్పడానికి అన్న మాటనుకున్నాను. ఆ రోజంతా తాడు ముట్టుకోవాలన్నా జంకాను. కాక మాత్రం ప్రతి స్టాపులోనూ రెండు బెల్లులు పడేదాకా బస్సు కదిలించకుండా, బీడీ కాలుస్తూ కూర్చున్నాడు.

మా దారిలో వాగులకు వంతెనలు లేవు. వాగు అడుగున రాళ్లు పరిచిన బాట ఉండేది, దానికి రెండు వైపులా వరసగా నిలువురాళ్లు. వానాకాలం ఇంకా మొదలు కాలేదు. ఒక సెలవు రోజు పొద్దున్నే కాక సున్నం బకెట్టు, కుంచె పట్టుకుని నా గది ముందు నిలబడ్డాడు. "నడువు" అన్నాడు. ఎక్కడికని అడిగే ధైర్యం నాకెక్కడిది? పెద్దవాగు దగ్గరికి వెళ్లి నిలువురాళ్లన్నింటికీ సున్నం కొట్టాం. ఎండకు వీపులు మాడిపోయాయి.

"గీ పని ఎవలు చెప్పిన్రు కాకా?" అని అడిగాను.

"ఎవ్వలు చెప్పలే. చెప్పేదాంక కూసుంటె వాగు ఆగుతదా? బస్సు మనది. మనం చూసుకోకపోతె ఎవలు చూస్తరు?" కుంచె విదిలించి అన్నాడు, "యాదుంచుకో. తెల్లరాళ్లన్ని కనపడితే పోవాలె. ఒక్కటి మునిగినా ఆగాలె. అంతే."

ఈ సంగతి డిపోలో తెలిసి మేనేజరు నవ్వాడు. సున్నం వేయడం నీ డ్యూటీయా అని అడిగాడు. "కాదు సార్, అందుకే సెలవు నాడు వేసిన" అన్నాడు కాక. ఆ జవాబు డిపోలో చాలా రోజులు నలిగింది. నాకు మాత్రం ఆ రోజే మొదటిసారి, ఉద్యోగమంటే పిలిచినప్పుడు పలకడం ఒక్కటే కాదేమో అనిపించింది.

ఆ మేనేజరు బదిలీ అయి కొత్తాయన వచ్చాడు. ఆయనకు ట్రిప్పు రద్దయిందంటే ఒంటికి కారం రాసినట్టుండేది. వానలు పడ్డాయి. తెల్లరాయి మునిగిందని కాక బస్సును వెనక్కి తిప్పాడు. మెమో వచ్చింది. మళ్లీ తిప్పాడు, మళ్లీ వచ్చింది. ఈసారి తిప్పితే సస్పెన్షనేనని గదిలోకి పిలిచి చెప్పారు. ఆ గదిలోంచి వచ్చిన కాక చెవి మీది బీడీ తీసి, వెలిగించకుండానే నోట్లో పెట్టుకున్నాడు. ఇంట్లో ఆయన సంపాదన మీద బతికేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆయన భయపడగా చూడటం నాకదే మొదలు. గోడ అనుకుని ఆనుకున్నది కదిలినట్టయింది. ఆ దిగులుతో నాకు అన్నం సయించలేదు.

అది జరిగిన కొద్ది రోజులకే ఒక మధ్యాహ్నం, వారపు అంగడికి పోయే జనంతో బస్సు కిక్కిరిసి ఉంది. మా మీద చినుకు లేదు గానీ గుట్టల వైపు ఆకాశం నల్లగా ఉంది. పెద్దవాగు దగ్గర బస్సు ఆగింది. బాట మీంచి ఎర్రనీళ్లు పారుతున్నాయి. ఒక తెల్లరాయి కనపడటం లేదు. "పోదాం పాండ్రి, అంగడి అయిపోతది" అని వెనక నుంచి కేకలు.

కాక నా వైపు చూడలేదు. "ఒక్క రాయే గద" అన్నాడు, తనకు తానే చెప్పుకుంటున్నట్టు. నేను రెండు బెల్లులు కొట్టలేదు. అయినా గేరు వేశాడు. ముందు చక్రాలు నీళ్లలోకి దిగాయి. అంతమంది ముందు, అంత పెద్ద డ్రైవరును ఆపడానికి నేనెవణ్ని? అలా అనుకుంటూనే తాడు లాగాను. ఒక్కసారే.

బస్సు ఆగింది. కాక వెనక్కి తిరిగాడు. ఆ కళ్లలోకి చూడలేకపోయాను.

"ఎందుకు కొట్టినవ్?"

"రాయి కనపడ్తలేదు కాకా."

"నాకు కండ్లు లేవా? సస్పెండైతె నా పిల్లలకు నువ్వు పెడతవా?"

ఇంతలో వెనక నుంచి ఒక లారీ వచ్చి, మమ్మల్ని తప్పించుకుని, నీళ్లు చిమ్ముకుంటూ అవతలికి దాటిపోయింది. బస్సంతా గొల్లున నవ్వింది. "అగో, లారీ పోయె! గీ పిలగాడు ఉత్తగనే పరేషాన్ అయితుండు" అన్నాడొకడు.

"రెండు బెల్లులు కొట్టు మల్లేశం" అన్నాడు కాక. గద్దించలేదు, బతిమాలాడు. గద్దించి ఉంటే కొట్టేసేవాణ్నేమో. ఆయన వాగును చూడటం లేదని, మేనేజరు గదిని చూస్తున్నాడని ఆ గొంతులోనే నాకు అర్థమైంది.

"నేను దిగి చూసొస్త" అన్నాను. ఆ మాట నా నోట ఎలా వచ్చిందో ఈనాటికీ నాకు తెలియదు.

కాక సీటు కింద నుంచి మోకు తీశాడు. ఒక కొస నా నడుముకు కట్టి, రెండో కొస తన మణికట్టుకు చుట్టుకున్నాడు. నీళ్లు మోకాళ్లకు వచ్చాయి, తొడలకు వచ్చాయి. అరికాళ్ల కింద రాళ్లు పాకురుతో జారుతున్నాయి. బాపూ, బాపూ అని పైకే అంటున్నాను. ఎద్దు కొమ్ములు కళ్ల ముందు ఆడుతున్నాయి. వెనక్కి తిరిగితే బస్సు నిండా నవ్వు, ముందుకు పోతే నీళ్లు. ఒక్కొక్క రాయినీ కాలితో తడుముకుంటూ సగం దాకా వెళ్లాను. అక్కడ కుడికాలు చాపితే కింద ఏమీ లేదు.

నోట్లోకి, ముక్కులోకి బురదనీళ్లు పోయాయి. మోకు నడుమును కోసింది. నన్ను ఒడ్డు మీదికి లాగి పడేసినప్పుడు ఎవరో ముసలమ్మ తన గొంగడి నా మీద కప్పింది. బాట మధ్యలో రాళ్లు లేచిపోయి ఉన్నాయి. లారీ బరువుకు పోయాయో, అంతకుముందే కదిలి ఉన్నాయో ఎవరికీ తెలియదు. ఇందాక నవ్వినవాళ్లు ఒక్కొక్కరే బస్సు దిగి వచ్చారు. కాక నేల మీద కూలబడి ఉన్నాడు. మోకు చుట్టుకున్న మణికట్టు తోలు లేచి నెత్తురు కారుతోంది. "నేను పోతుంటి రా. అందర్నేసుకొని పోతుంటి" అని అదే మాట మళ్లీ మళ్లీ అన్నాడు.

బస్సును వెనక్కి తిప్పుకుని డిపోకు వచ్చాం. సాయంత్రం మేనేజరు ఇద్దర్నీ నిలబెట్టాడు. కాక నోరు తెరిచేలోగా నేనే చెప్పాను, "బెల్లు నేను కొట్టిన సార్."

"ఎవర్ని అడిగి కొట్టావు?"

"ఎవల్ని అడగలే సార్. తాడు నాది."

ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. మెమో ఇద్దరికీ వచ్చింది. వాగు తగ్గాక మేనేజరు స్వయంగా వెళ్లి ఆ గొయ్యి చూసి వచ్చాడు. ఆ తర్వాత మెమోల ఊసు ఎత్తలేదు. కొన్నాళ్లకు నన్ను పర్మనెంటు చేశారు. తర్వాత బస్టాండులో కంట్రోలరునయ్యాను, అదే సంస్థలో రిటైరయ్యాను.

కాక రిటైరై ధర్మపురిలో కొడుకు దగ్గర ఉంటున్నప్పుడు ఒకసారి చూసి రావడానికి వెళ్లాను. ఎన్నాళ్లుగానో మనసులో ఉన్నది అడిగేశాను.

"ఆ దినం నా మీద కోపమొచ్చిందా కాకా?"

"రాకుంట ఉంటదా? అందరి ముంగట నా బస్సు ఆపితివి. మస్తు కోపమొచ్చింది." కాసేపు దగ్గి, నా భుజం మీద చెయ్యేశాడు. "నువ్వు కొట్టకపోతె, కోపం రానీకి నేను యాడ ఉందును రా?"

ఆయన పోయి చాలా ఏళ్లయింది. నేను ధైర్యవంతుణ్ని కాలేదు. పైవాళ్లకు కాదని చెప్పవలసి వచ్చిన ప్రతిసారీ ముందురోజు నుంచే కంటికి కునుకు ఉండేది కాదు. అయినా చెప్పాను. భయం పోయాక చేద్దామని కూర్చుని ఉంటే నా సర్వీసులో నేను చేసిన మంచి పని ఒక్కటి కూడా ఉండేది కాదు. వణికే చెయ్యి లాగినా బెల్లు మోగుతుంది.