మణికట్టు మీద నీలి మచ్చ

కొవిడ్ వార్డులు ఎత్తేసిన ఏడాది వేసవిలో నన్ను నందిగామలో ఒక ఆసుపత్రి పిల్లల వార్డుకి హెడ్ నర్సుగా వేశారు. ఆసుపత్రి పేరెందుకు లెండి. హెడ్ నర్సంటే స్టాఫ్ నర్సులకి పైన, సూపరింటెండెంటుకి కింద. రెండు వైపుల తిట్లూ వచ్చి ఆగే చోటు. నా రిటైర్మెంటుకి ఇంకా టైముంది గానీ మోకాళ్ళు అప్పటికే రిటైరైపోయాయి.

లుకేమియా, అంటే రక్త క్యాన్సర్ పిల్లలకి అసలు వైద్యం విజయవాడలోనే జరిగేది. కీమో ఎక్కించుకుని ఇంటికెళ్ళాక వాంతులూ నీరసంతో మా దగ్గరికొచ్చేవాళ్ళు. సెలైన్, వాంతుల మందు, రక్త పరీక్ష, ఇదీ మా పని. దానికి తోడు ట్రైనింగులో నేర్చుకున్న ఆక్యుప్రెషర్ నేను ఇంటివాళ్ళకి నేర్పేదాన్ని. మణికట్టు మడతకి మూడు వేళ్ళ వెడల్పు పైన, తాళ్ళలా తగిలే రెండు నరాల మధ్య ఒక చోటుంది. మూడు వేళ్ళంటే పిల్లవి, మనవి కావు. అక్కడ బొటనవేలు ఆనించి రెండు మూడు నిమిషాలు మెల్లగా నొక్కితే కొందరికి వికారం తగ్గుతుంది. జబ్బు తగ్గదు, మందు మానకూడదు. రక్తాన్ని గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు పడిపోయినప్పుడు అసలు నొక్కకూడదు. ఈ మాటలు చెప్పీ చెప్పీ నాకే విసుగొచ్చేది.

జగ్గయ్యపేటలో పప్పుల హోల్‌సేల్ కొట్టు వాళ్ళ పాప లాస్యకి ఏడేళ్ళు. చంటిబిడ్డతో తల్లి శ్రావణికి తీరిక ఉండేది కాదు, నాయనమ్మ సుబ్బరత్తమ్మ గారే తీసుకొచ్చేవారు. మా నర్సుల కంటే ఆవిడే బాగా నేర్చుకున్నారు. బస్సు దారిలో చిల్లకల్లు దాటేలోపు రెండుసార్లు కక్కే పిల్ల, ఇడ్లీ తిని నిలుపుకోవడం మొదలెట్టింది. ఆవిడ ముఖం చూడాలి ఆ రోజు.

ఒక సోమవారం తల్లి కూడా కలిసి ముగ్గురూ వచ్చారు. ఇద్దరు నర్సులు సెలవు, వార్డంతా నా నెత్తి మీదే. లాస్య మణికట్టు మీద చింతపిక్కంత నీలి మచ్చ కనిపించింది. నాకు ఒళ్ళు మండింది. పిండి పిసికినట్టు పిసికారా అని కోడలి ముందే పెద్దావిడ మీద కేకలేశాను. ఆవిడ చెయ్యి చాపి, “మెల్లగానే నొక్కానమ్మా. మీ చెయ్యి ఇవ్వండి, ఎంత నొక్కానో చూపిస్తా” అన్నారు. నాకంత తీరిక లేదన్నాను. ఇక పిల్లని ముట్టుకోవద్దని కూడా అన్నాను. శ్రావణి లాస్యని తన ఒళ్ళోకి లాక్కుంది.

కీమో పిల్ల ఒంటి మీద కొత్త మచ్చ కనిపిస్తే డాక్టరుకి చెప్పాలి, ఆ రోజే రక్తం పంపాలి. కొత్తగా చేరిన నర్సుకి కూడా నేను మొదట చెప్పే రూలది. కానీ కారణం నాకు తెలిసిపోయిందనుకున్నాను. పరీక్ష గురువారానికి రాసుంది కదా అని ఇంటికి పంపేశాను. పైజమా అంచు ఎత్తి కాళ్ళు కూడా చూడలేదు.

మర్నాడు పొద్దున్నే ముక్కులోంచి రక్తం ఆగడం లేదని కారులో తీసుకొచ్చారు. పైజమా ఎత్తితే మోకాళ్ళ కింద సూదితో పొడిచినట్టు ఎర్రచుక్కలు. ప్లేట్‌లెట్లు అడుగంటాయి. మచ్చ అందుకే వచ్చింది. అంబులెన్సులో విజయవాడ పంపాం. అక్కడ ప్లేట్‌లెట్లు ఎక్కిస్తే గండం గడిచింది. కబురొచ్చేదాకా నేను కూర్చోలేకపోయాను.

జరిగింది డ్యూటీ డాక్టరుకి చెప్పాను. వాళ్ళేమీ అడగలేదుగా, వదిలెయ్యండి మేడమ్ అన్నాడు. నిజం చెప్పొద్దూ, వదిలేద్దామనే అనిపించింది.

రెండు వారాలకి మళ్ళీ వచ్చారు. లాస్యకి వికారం. తల్లి ఒళ్ళోంచి నాయనమ్మ వైపు చెయ్యి చాపితే, శ్రావణి ఆ చేతిని వెనక్కి లాగేసింది. సుబ్బరత్తమ్మ గారు తలుపు దగ్గరే నిలబడి ఉన్నారు. నేను దగ్గరికెళ్తే మెల్లగా అడిగారు: “నా వల్లేనా అమ్మా?”

 నేను శ్రావణి వైపు తిరిగాను. “మీ అత్తయ్య గారి తప్పేం లేదమ్మా. ఆ రోజే రక్తం తీయించాల్సింది నేను. తీయించలేదు.”

   నేను నా చెయ్యి పెద్దావిడకి ఇచ్చాను. నిద్రపోయే పిల్లకి జ్వరముందేమోనని చూసినంత మెల్లగా ఆవిడ బొటనవేలు ఆనించారు. ఆ ఒత్తిడికి ఏ ఒంటి మీదా మచ్చ పడదు. ఆ రోజు పరీక్షలో ప్లేట్‌లెట్లు బాగానే ఉన్నాయి, నొక్కొచ్చన్నారు డాక్టరు గారు. శ్రావణి బెంచీ మీద కొంచెం జరిగి అత్తగారికి చోటిచ్చింది.

జరిగినదంతా రాసి సూపరింటెండెంటుకిచ్చాను. మెమో వచ్చింది, తీసుకున్నాను. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, మచ్చ కనిపిస్తే ముందు కాళ్ళు చూసి రక్తం పంపాకే ఎవరినైనా ఏదైనా అడిగాను. ఆ సోమవారం ఆవిడ అడిగినప్పుడే చెయ్యి ఇచ్చుంటే అర నిమిషమే పట్టేది.