దీపం ఆరనిదే బండి కదలదు

నరహరికి ముప్పై ఏళ్ళుగా ఒకటే నీతి: బల్బు వెలిగితే మగ్గం నడపకూడదు. కాపురం సూరత్‌లోని భేస్తాన్, పని ఆ పక్కనే సచిన్ అనే పేటలో కరెంటు మగ్గాల మీద. పోగు తెగితే మగ్గం తనంతట తానే ఆగి బల్బు వెలిగిస్తుంది. తెగిన పోగు వెతికి ముడెయ్యాలి, బల్బు ఆరాలి, అప్పుడు నడపాలి. కాదని నడిపినవాడి బట్ట కుక్కలు చింపిన విస్తరే.

అటువంటి మనిషి లాక్‌డౌన్‌కు నాలుగు రోజుల ముందు కొత్త మోటారుసైకిల్ కొన్నాడు. షోరూం మనిషి తెచ్చి వాకిట్లో నిలబెట్టి పోయాడు. జూన్‌లో దారులు తెరిచాక నరహరి తాళం తిప్పితే బ్రేకుల సంగతి చెప్పే పసుపురంగు ఏబీఎస్ దీపం వెలిగింది. ఎంతకీ ఆరలేదు. సూరత్ అవతల కిమ్ అనే ఊళ్ళో కూతురు రుచిత కాన్పయి అప్పటికి పద్దెనిమిది రోజులు. ఇరవై ఒకటో నాడు మనవరాలి చెవిలో పేరు చెప్పాల్సింది తాతే. చూడబోతే బస్సులు లేవు.

బండి కింద పడుకుని, ఆ చక్రం నుంచి ఈ చక్రం దాకా వైర్లను పోగులు తడిమినట్టు తడిమాడు. ఎక్కడా తెగలేదు.

"మనుషులకే గాదు, బండ్లకు గూడ వస్తున్నదా రోగం?" అంది పక్కింటి ఎల్లవ్వ, దూరం నుంచే.

నరహరి భార్య భాగీరథి అనుమానం ఉంచుకోలేదు. కిరాణా కొట్టు నుంచి జ్వరం చూసే గన్ తెచ్చి ట్యాంకుకు గురిపెట్టింది. ఎండలో మాడుతున్న ట్యాంకును చూసి గన్ అంకె చూపలేక చేతులెత్తేసింది. ఇంకేముంది, బండి చుట్టూ తాడు కట్టి క్వారంటైన్ చేశారు.

ఇరవయ్యో నాడు నరహరి మెకానిక్ మొండయ్యకు ఫోన్ చేశాడు.

"అన్నా, నిలవడ్డ బండికి ఆ లైటు వెలుగుడే పద్ధతి. జర నడిపియ్యి, చక్రాలు తిరిగితే అదే ఆరుతది. అప్పటికీ ఆరకుంటే పట్కరా."

"ఆరకముందుకే ఎట్ల నడుపుత? బల్బు వెలుగంగ నడిపినోనికి పనెవడిస్తడు?"

"అది మగ్గం గాదన్నా!" అని మొండయ్య ఫోన్ పెట్టేశాడు.

ఆరితే కదులుతానని నరహరి, కదిలితే ఆరుతానని దీపం. ఇద్దరిలో దీపమే కాస్త తెలివైనది.

మర్నాడు పొద్దున్నే రుచిత ఫోన్. "నాయనా, నువ్వు రాకుంటే పిల్లకు పేరే పెట్టం."

భాగీరథి తాడు తెంపి వెనక ఎక్కి కూర్చుంది. "ఇగ నడువు. ఖరాబైతే బండే గద అయ్యేది!"

నరహరి కులదైవం మార్కండేయుడికి దండం పెట్టి కదిలించాడు. సందు దాటకముందే దీపం ఆరింది. పట్టలేని సంతోషంతో ఆగి, తాళం తీసి, చూడమని ఎల్లవ్వను కేకేసి మళ్ళీ తాళం తిప్పాడు. మళ్ళీ వెలిగింది! ఆగడమే దీని రోగమని తేల్చుకున్నాడు. ఖాళీ రోడ్ల మీద కిమ్ దాకా ఎక్కడా ఆగలేదు. కిమ్‌లోనూ ఆగలేదు. కూతురి ఇంటి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. గుమ్మంలో అల్లుడు చెయ్యి ఊపితే తానూ ఊపాడు.

మూడో చుట్టులో బండి నెమ్మదించగానే భాగీరథి దిగేసింది. పిల్లను ఎత్తుకొచ్చి వీధి మధ్యన నిలబడింది.

"ఇగో నీ మనుమరాలు. ఆగుతవా, మా మీదికెళ్ళి పోతవా?"

నరహరి రెండు బ్రేకులూ పట్టాడు. బండి ఉన్నచోటే నిలిచిపోయింది. చేతులు కడుక్కొచ్చి పిల్ల చెవి దగ్గర వంగాడు. దారి పొడవునా అనుకుంటూ వచ్చిన పేరు తీరా నోటికి రాలేదు, ఏడుపొచ్చింది.

"ఏడ్వకు నాయనా, చెప్పు," అంది రుచిత, తానూ ఏడుస్తూ.

అప్పుడు చెప్పాడు.