అన్న దిగిన స్టేషన్

పొద్దున ఎల్బీనగర్ మెట్రో స్టేషన్ మెట్లెక్కేటప్పుడు ఎవ్వరి మొకం ఎవ్వరు చూడరు. హయత్‌నగర్ దిక్కు బస్సులు దిగినోళ్లు, బడంగ్‌పేట్ నుంచి ఆటోల్ల వచ్చినోళ్లు, బ్యాగులు ముందలికి ఏసుకొని ఒకరి ఎనక ఒకరు ఎక్కుతనే ఉంటరు. మా అన్న, నేను కూడా అట్లనే ఎక్కేటోళ్లం. బడంగ్‌పేట్ల కిరాయి ఇంట్ల నలుగురం ఉండేటోళ్లం. అన్న, వదిన, వాళ్ల పాప, నేను. అన్న అమీర్‌పేటల ప్రింటింగ్ ప్రెస్సుల చేసేటోడు. నాది మలక్‌పేటల ఒక దవాఖాన ల్యాబుల పని. పొద్దున ఆయన బండి మీదనే ఇద్దరం వచ్చి, బండి పార్కింగుల పెట్టి, ఒకటే రైలు ఎక్కేటోళ్లం. నేను ఆడోళ్ల పెట్టెల, అన్న ఎనక పెట్టెల.

ఆ రోజు కూడా గంతే. రైలు వస్తుంటే అన్న అన్నడు, "వచ్చేటప్పుడు పాపకు దగ్గు మందు తీస్కరా." సరే అన్న. రైలెక్కిన. మలక్‌పేటల దిగి పనికి పోయిన. పొద్దంతా ఏం తెల్వదు.

సాయంత్రం అన్న ఫోను స్విచ్చాఫ్ వచ్చింది. వదిన ప్రెస్సుకు ఫోన్ చేస్తే, ఇయ్యాల రాలేదమ్మా అన్నరట. పార్కింగుకు పోయి చూస్తే బండి పెట్టిన కాడనే ఉంది. తెల్లారి వదిన, నేను పోలీస్ స్టేషన్‌కు పోయినం. రాసుకునే ఆయన చాన మర్యాదగనే మాట్లాడిండు. కొట్లాట ఏమన్న అయిందా, తాగుతడా, బయట అప్పులున్నయా అని ఒక్కొక్కటే అడిగిండు. అన్నిటికీ లేదనే చెప్పినం. నిజంగనే లేదు.

"ఏం లేకుంటే మనిషి ఎందుకు పోతడమ్మా?" అన్నడు.

"అదే మిమ్మల్ని అడుగుతున్నామండి," అన్నది వదిన. ఆమెది గుంటూరు దిక్కు. కోపమొచ్చినా గొంతు లేవదు.

కొన్ని రోజులు తిరిగినంక మెట్రో కెమెరాల పడ్డది చూపిచ్చిండ్రు. మాతోని ఒక కానిస్టేబుల్ వచ్చిండు. చిన్న గది, గోడకు తెరలు. అన్న ఎల్బీనగర్ల రైలెక్కుడు కనిపించింది. అమీర్‌పేట దాక పోవాల్సిన మనిషి దిల్‌సుఖ్‌నగర్ల దిగిండు. దిగి, అందరు మెట్ల దిక్కు పోతుంటే పోలేదు. ప్లాట్‌ఫారం మీద పక్కకు జరిగి, రైలు దిక్కు మళ్లి నిలబడ్డడు. తలుపులు మూసుకున్నయి. రైలు కదిలింది. అది పూర్తిగ పొయ్యేదాక చూసుకుంట నిలబడ్డడు. ఆ రైల్ల నేనున్న. ఫోన్ల ఏం చూస్తున్ననో, ఎవలతోని మాట్లాడుతున్ననో నాకు యాదికి కూడా లేదు.

తర్వాత ఇంకో రైలు వచ్చింది. ఒక్కసారే జనం దిగిండ్రు. ఆ జనంల కలిసి అన్న కిందికి దిగిండు. రోడ్డు మీది కెమెరాల బస్టాండు దిక్కు నాలుగడుగులు వేసేది కనిపించింది. మధ్యల ఒక బస్సు అడ్డమొచ్చింది. బస్సు పోయినంక ఆయన లేడు.

"మళ్ళీ ఒకసారి వెయ్యండి," అన్నది వదిన.

వేసిండ్రు. మళ్లొకసారి అడిగింది.

"ఎన్నిసార్లు చూసినా గంతే కదమ్మా," అన్నడు కానిస్టేబుల్, మెల్లగ.

బయటికొచ్చినంక మెట్ల మీద ఆగి వదిన అడిగింది, "నీతో ఆఖరికి ఏం మాట్లాడారు?"

"దగ్గు మందు తెమ్మన్నడు."

"మందులెప్పుడూ ఆయనేగా తెచ్చేది."

ఇద్దరం మెట్లు దిగి రోడ్డు మీదికొచ్చినం.

ఫోటోలు తీయించి దిల్‌సుఖ్‌నగర్ అంత తిరిగినం. మెట్రో పిల్లర్ల కింద పండ్ల బండ్లోళ్లను, బస్టాండుల డ్రైవర్లను, చైతన్యపురి గల్లీలల్ల హాస్టళ్ల కాడ వాచ్‌మన్లను అడిగినం. ఫోటో చేతిల పట్టుకొని జర సేపు చూసి, లేదమ్మా అని తిరిగి ఇచ్చేటోళ్లు. పూలమ్మే ఒకామె మాత్రం, ఈయన విజయవాడ బస్సెక్కుతుంటే నేను చూసిన అన్నది. వదిన ఆ మాట పట్టుకొని విజయవాడ పోయింది. బస్టాండుల, రైల్వే స్టేషన్ల, కృష్ణ ఒడ్డున తిరిగి, ఎండకు మాడిపోయి వచ్చింది. తర్వాత మేం మళ్ల పోయి అడిగితే ఆ పూలామె, ఏమో అమ్మా, రోజు ఎంతమందో ఎక్కుతరు అన్నది.

చలికాలం ఒక దవాఖాన మార్చురీ నుంచి పిలుపొచ్చింది. ఎవ్వరు లేని మనిషి, వయసు కలుస్తుంది, వచ్చి చూసుకొండ్రి అన్నరు. నేను చూస్త, నువ్వు బయటుండు అంటే వదిన వినలేదు. బట్ట తీసిండ్రు. అన్న కాదు. ఎవలో, గడ్డం నెరిసిన మనిషి. వదిన అక్కడనే నేల మీద కూలబడ్డది. సంతోషానికి అట్ల అయిందనుకొని నీళ్లు తాగిచ్చిన.

ఆటోల ఇంటికి బయలెల్లినం. ఎల్బీనగర్ చౌరస్తా కాడ సిగ్నల్ పడ్డది. అప్పుడు వదిన అన్నది.

"అమ్మాయ్, వెళ్ళేటప్పుడు ఆయన కాకూడదని వెయ్యి దండాలు పెట్టుకున్నాను. కాదని తెలిశాక, ఆయనే అయితే అయిపోయేది కదా అనిపించింది."

నేను ఆమె చెయ్యి పట్టుకున్న. నాకు కూడా అట్లనే అనిపించిందని చెప్పలే.

ఇప్పుడు వదిన చైతన్యపురిల ఒక ఆడపిల్లల హాస్టల్ల వంట చూసుకుంటది. పొద్దున ఇద్దరం ఒకటే పెట్టెల ఎక్కుతం. తను చైతన్యపురిల దిగిపోతది. ఆ తర్వాత స్టేషన్ దిల్‌సుఖ్‌నగర్. ఆ స్టేషన్ దాక రావద్దనే అక్కడ పని చూసుకుందేమో, నేనెప్పుడు అడగలే. పాప మొదట్ల తలుపు చప్పుడైతే ఉరికేది. నాన్న ఎప్పుడొస్తడని అడిగేది. అడిగినప్పుడల్లా మేం చెప్పేటి జవాబుతోని ఆ పిల్లకు విసుగొచ్చిందో ఏమో, అడుగుడు మానేసింది. పోలీస్ స్టేషన్‌కు పోతే ఇప్పుడక్కడ కొత్తాయన ఉన్నడు. ఆయనకు మళ్ల మొదటి నుంచి చెప్పాలె.

దిల్‌సుఖ్‌నగర్ వస్తే నేను కిటికీల నుంచి ప్లాట్‌ఫారం చూస్త. ఒకసారి అచ్చం అన్న లెక్కనే వీపు కనిపిస్తే, జనాన్ని నెట్టుకుంట దిగిన. మెట్ల కాడికి ఉరికి భుజం మీద చెయ్యేసిన. ఆయన మళ్లి చూసి, "ఎవరు కావాలండీ?" అన్నడు. ఎవరు కాదని చెప్పి, తర్వాత రైలెక్కి పనికి పోయిన. ల్యాబుల మా మేడం లేటెందుకైందని అడిగితే, రైలు ఆలస్యమైందన్న.

మొన్న ప్లాట్‌ఫారం మీద మళ్ల ఒకాయన కనిపించిండు. ఆ నడక, మెడ జర వంచుకునేది, అంత మా అన్నదే. తలుపులు తెరుచుకొనే ఉన్నయి. దిగేటందుకు టైమున్నది. నేను కమ్మీ పట్టుకొని నిలబడే ఉన్న. తలుపులు మూసుకున్నయి.