ముగ్గుపిండిలో తడి మచ్చ

మా బావ పోయాడు. చేవెళ్ల నుంచి సైకిలు మీద వచ్చిన దవాఖాన జవాను మా వాకిట్లో నిలబడి, తలపాగా తీసి చేతిలో పట్టుకుని, "కాంపౌండరు సాబు ఇగ లేడు" అన్నాడు. పన్నెండు రోజులు విషజ్వరంతో పడుకున్నాడట. జవాను వచ్చినప్పుడు నేను మొయినాబాదులో మా ఇంటి అరుగు మీద కూర్చుని నోటుపుస్తకంలో కొత్త మాటలు రాసుకుంటున్నాను. ఆ పేజీలో చివరి మాట సగంలోనే ఆగిపోయి ఉంది.

పోయినవాళ్ల గురించి రాయడం నాకు ఇదే మొదటిసారి. అందుకని నాకు బాగా తెలిసిన చోటు నుంచే మొదలుపెడతాను. మా బావ అంటే నాకు అసూయ. అది అక్క పెళ్లి పందిట్లో మొదలైంది. ఆయన లేడని తెలిసిన ఈ నెల రోజుల్లో కూడా పూర్తిగా పోలేదు.

నాకు అక్షరాలు దిద్దించింది అక్క. బడిలో చదువంతా ఉర్దూలో. తెలుగు మాత్రం అక్క దగ్గరే నేర్చుకున్నాను. ఎక్కడైనా కొత్త మాట దొరికితే పరుగెత్తుకొచ్చి ముందు ఆమెకే చెప్పేవాణ్ణి. పొయ్యి ముందు కూర్చుని ఆమె ఆ మాటను రెండుసార్లు మెల్లగా పలికేది. "బాగున్నది తమ్మీ, రాసుకో" అనేది. ఆమె బాగున్నదన్నాకే ఆ మాట నాదయ్యేది. అట్లాంటి మనిషిని బావ తన ఫట్‌ఫటి వెనక కూర్చోబెట్టుకుని చేవెళ్లకు తీసుకుపోయాడు.

ఫట్‌ఫటి అంటే మోటారు సైకిలే. మావైపు దాని చప్పుడే దాని పేరు. అది ఏళ్ల తరబడి ఒక ఓవర్సీరుకు చాకిరీ చేసి, అలిసిపోయాక బావ చేతికి వచ్చింది. బావ దాన్ని 'ముసల్ది' అనేవాడు. ముసల్ది దగ్గుతున్నది, ముసల్దానికి ఇయ్యాల కోపమొచ్చింది, ముసల్ది గడ్డ ఎక్కనంటున్నది అనేవాడు. అక్క కడుపు పట్టుకుని నవ్వేది. నేను పుస్తకాల్లో వెతికి తెచ్చిన ఏ మాటకూ ఆమె అంతగా నవ్వలేదు. చేవెళ్ల నుంచి వచ్చినప్పుడల్లా ఆమె నోట్లో ఆయన మాటలే ఉండేవి. నావి ఒక్కటీ వినబడేది కాదు.

ఆయనకు పుస్తకాల ధ్యాసే లేదు. మందు సీసా చేతికి రాగానే, మీద అంటించిన చీటీ చూడకముందే బిరడా తీసి వాసన చూసేవాడు. "చీటీ రాసినోడు తప్పు రాస్తడు బామ్మర్దీ. వాసనకు రాయనే రాదు గద" అనేవాడు. మాటల మీద కొత్తగా మోజు పడ్డ నాకు ఆ ఎత్తిపొడుపు నన్నేననిపించేది. ఆ అలవాటు ఇంట్లో కూడా పోయేది కాదు. రొట్టె, రుమాలు, కొత్త చెప్పులు, ఏది పట్టుకున్నా ముక్కు దగ్గరికి పోవలసిందే. ఒకసారి నా నోటుపుస్తకాన్ని కూడా వాసన చూసి, "మంచిగున్నది" అని తిరిగి ఇచ్చాడు. తెరిచి చూడలేదు.

రెండేళ్ల కింద ఒక శుక్రవారం, దవాఖానకు సెలవు కనుక అక్కా బావా మా ఇంటికి వచ్చారు. యుద్ధం మూలంగా పెట్రోలు చీటీ మీద కొలిచి పోస్తున్న రోజులు. వచ్చీరాగానే బావ ట్యాంకులో పుల్ల ముంచి చూశాడు. నాలుగు వేళ్ల ఎత్తు తడిసింది. బువ్వ తిన్నాక మళ్లీ ముంచితే రెండు వేళ్లే.

"ఎవలన్న తీసిండ్రేమో" అన్నది మా అవ్వ.

"దొంగలు గాదు అత్తమ్మా. ఎక్కడ్నో కారుతున్నది."

"స్రవిస్తున్నది" అన్నాను నేను. ఆ వారమే దొరికిన మాట అది. అక్క వైపు చూసే అన్నాను.

"కారుతున్నదంటే ఆగుతలేదు. స్రవిస్తున్నదంటే ఆగుతదా, చెప్పు?" అన్నాడు బావ. అక్క పకపకా నవ్వింది. ఆ నవ్వు నాకు ఇప్పటికీ మంటే.

కింద షాబాదు బండల మీద చుక్క కనబడలేదు. ఎండకు పడినది పడినట్టే ఆరిపోతోంది. వాసన మాత్రం వాకిలంతా ఉంది. బావ పొయ్యిలో నిప్పు ఆర్పించి, ముగ్గుపిండి తెమ్మన్నాడు.

"ముగ్గు వాకిట్లెయ్యాల్నా, ఫట్‌ఫటికెయ్యాల్నా అల్లుడా?" అన్నది అవ్వ.

"ముసల్ది గూడ ఆడదే గద అత్తమ్మా. జర సింగారిద్దాం."

ట్యాంకు అడుగు, గొట్టం, అన్నీ పొడిబట్టతో తుడిచాడు. పల్చటి గుడ్డలో పిండి కట్టి, అడుగున అంతటా తట్టి తెల్లగా చేశాడు. తడి ఎక్కడ ఊరితే అక్కడ పిండి నల్లబడుతుంది. కదలకుండా కూర్చుని చూడడమే పని. బావ అటువైపు అతుకుల దగ్గర కూర్చున్నాడు. అక్క ఆయన పక్కనే పిండి పళ్లెం పట్టుకుని కూర్చుంది. ఇద్దరి తలలూ ఒకదాని పక్కన ఒకటి. నన్ను ఇటువైపు, పెట్రోలు మూసే చిన్న నల్లా దగ్గర కూర్చోమన్నారు.

ముందు నాకే కనబడింది. నల్లా మెడ దగ్గర ఆవగింజంత నల్లటి మచ్చ. చూస్తుండగానే పెసరగింజంత అయింది. నోరు తెరిచాను. అటువైపు నుంచి ముసల్దాని గురించి బావ ఏదో అన్నాడు, అక్క మళ్లీ నవ్వింది. కారే చోటు దొరకకపోతే ఈ సాయంత్రం అక్క పోదు కదా అనిపించింది. బొటనవేలితో మచ్చను తుడిచేసి, చిటికెడు పిండి అద్దాను.

"ఏమన్న కనబడ్తున్నదా బామ్మర్దీ?"

"లేదు బావా."

మళ్లీ ఊరింది. మళ్లీ తుడిచాను.

మధ్యాహ్నం మూడు గంటలు దాటాక బావ లేచాడు. ఉన్న కాస్త పెట్రోలు డబ్బాలోకి వంపి మూత బిగించాడు. "సగం తొవ్వల ఆగితే నిన్ను రోడ్డు మీద నిలబెట్టాలె. నువ్వు ఈడనే ఉండు, వచ్చే శుక్కురారం వస్త" అన్నాడు అక్కతో. పొద్దున్నే దవాఖాన తెరవాలి. ముడిమ్యాల నుంచి సూది మందుకు నడిచొచ్చే ముసలాయన గుమ్మంలో కూర్చుని ఉంటాడు. బండి ఏదీ దొరకలేదు. పన్నెండు మైళ్లు నడుస్తానన్నాడు.

పోయేముందు ఎప్పటిలాగే దొరలా నాకు చెయ్యి ఇచ్చాడు. నా చెయ్యి పట్టుకుని, అలవాటు కొద్దీ కొంచెం పైకెత్తాడు. ఒక్క క్షణం నా ముఖంలోకి చూశాడు.

"చేతులు కడుక్కో బామ్మర్దీ" అన్నాడు. "గప్పటిదాంక పొయ్యి కాడికి పోకు."

అంతే. వెనక్కి తిరిగి చూడకుండా నడిచిపోయాడు.

బూడిదతో మూడుసార్లు కడిగాను. ఆయనకు తెలిసిపోయిందా, అక్కకు చెబుతాడా అన్న భయంతో వారమంతా గడిచింది. నేను కోరుకున్నట్టే అక్క నా దగ్గరే ఉంది. కానీ ఆ సాయంత్రం గడప మీద కూర్చుని, "సగం తొవ్వ దాటిండంటవా తమ్మీ? చెప్పులు గూడ మంచియి లేవు ఆయనకు" అని నాలుగుసార్లు అడిగింది. నేను దాచుకున్న మాటలన్నీ ఒక్కొక్కటే తెచ్చి చెప్పాను. "ఊఁ" అన్నది. ఒక్కదాన్నీ రెండోసారి పలకలేదు.

శుక్రవారం బావ ఎడ్లబండి మీద వచ్చాడు. కాలి మడమకు దవాఖాన పట్టీ కట్టి ఉంది. ట్యాంకులో పెట్రోలు పోసి, పిండి తట్టి, పళ్లెం నా చేతికిచ్చాడు.

"చీటీలు చూసి చూసి నా కండ్లు చెడినయ్. నువ్వే చూడాలె. మేం లోపలుంటం."

అక్కను కూడా లోపలికి తీసుకుపోయాడు. వాకిట్లో నేనూ ముసల్దీ మిగిలాం. నల్లా మెడ దగ్గర అదే మచ్చ, ఆవగింజంత. నా బొటనవేలు ఒకసారి కదిలింది. అది దాచి ఇదంతా రాయడం దండగ. తరవాత అరిచాను.

"బావా! నల్లా కాడ!"

వచ్చి గొంతుకూర్చుని చూశాడు. "శబ్బాష్! పట్టినవ్ పో" అన్నాడు. నల్లా విప్పి లోపలి బెండు ముక్క చూపించాడు. పెట్రోలు దొరకని రోజుల్లో ట్యాంకు ఎండి, బెండు కూడా ఎండి సన్నబడిందట. "ఎండితె ముడుచుకుంటది, నానితె పొంగుతది. దాని తప్పేం లేదు" అన్నాడు. జేబులోంచి చిన్న కాగితం పొట్లం తీశాడు. అందులో మందు సీసా బిరడాను బ్లేడుతో చెక్కి, వేడినీళ్లలో నానబెట్టిన కొత్త ముక్క ఉంది. నల్లాలో సరిగ్గా కూర్చుంది.

వెతకకముందే కొలతకు చెక్కి తెచ్చాడు. వారం కింద నా వేలి వాసనతోనే ఆయనకు చోటు తెలిసిపోయింది.

ఆ రోజు నుంచి దవాఖానకు వచ్చిన ప్రతివాడితోనూ, "కారేది పట్టింది మా బామ్మర్ది. గంత సన్న చూపు" అని చెప్పేవాడు. విన్నప్పుడల్లా నా చెవులు కాలేవి. అంత మాటను అంత తేలిగ్గా కడుపులో దాచుకోవడం ఆయనకు ఎట్లా వచ్చిందో అని మళ్లీ అసూయే. నేను ఏ మాటనూ దాచలేను. దొరకగానే ఎవరికో ఒకరికి చెప్పాలి. ఆ ఒక్కటి మాత్రం రెండేళ్లు దాచాను, అదీ భయంతో.

మొన్న చేవెళ్ల వెళ్లాను. ముసల్ది వసారాలో గోడకు ఆనించి ఉంది. అక్క దాన్ని పొడిబట్టతో తుడుస్తోంది. ఆమె ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పాను. మచ్చ, బొటనవేలు, లేదు బావా అన్న మాట.

అక్క తుడవడం ఆపింది.

"పన్నెండు మైళ్లు నడిచిండు" అన్నది. బట్ట మడిచి కింద పెట్టి, "నాకు చెప్పనే లేదు తమ్మీ. నీ కండ్లు మంచియని మాత్రం చెప్పిండు" అన్నది.

లేచి లోపలికి పోయింది. కోపమొచ్చిందనుకున్నాను. ముగ్గుపిండి పళ్లెంతో తిరిగి వచ్చింది. గుడ్డలో కట్టి, ట్యాంకు అడుగున, గొట్టం మీద, నల్లా చుట్టూ ఆయన తట్టినట్టే తట్టింది. ట్యాంకు ఎండిపోయి నెలైందని ఇద్దరికీ తెలుసు. అయినా చెరోవైపు కూర్చుని చూశాం. పిండి తెల్లగానే ఉంది.

అక్క చెయ్యి చాచి నల్లా మెడ దగ్గర బొటనవేలితో మెల్లగా తుడిచింది. ఆ వేలిని ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుంది. చాలాసేపటిదాకా తియ్యలేదు.